ఆట ఉచితం, గదికి 309 డాలర్లు: పెన్ స్టేట్ బ్లూ-వైట్ ఆటకి వెళ్లొచ్చాం

ఏప్రిల్‌లో పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆడే బ్లూ-వైట్ ఆట చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లు గది విషయంలో మేం మోసపోయినట్టు మోసపోకండి. లక్ష మందికి పైగా పట్టే స్టేడియంలోకి ఐదుగురం పైసా ఇవ్వకుండా వెళ్లాం. హైవే పక్క పాత మోటెల్‌లో ఒక్క రాత్రి పడుకోవడానికి మాత్రం 309 డాలర్ల 69 సెంట్లు కట్టాం. వారం దాటినా ఆ మంట చల్లారలేదు. ఇంకొకరి డబ్బులైనా మిగులుతాయని రాస్తున్నాను.

నేను పెన్ స్టేట్‌లో ఎం.ఎస్. చేశాను. చదువుతోపాటు ఈ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి కూడా అక్కడే అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు. ఇప్పుడు ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. నరసరావుపేట నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. నేను చదివిన ఊరు వాళ్లకి చూపించాలని ఎన్నాళ్లుగానో కోరిక. సీజన్‌లో పెద్ద ఆటకి ఐదుగురం వెళ్తే టికెట్లకే వెయ్యి డాలర్లు దాటిపోతాయి. బ్లూ-వైట్ అంటే జట్టు తనలో తనే రెండుగా విడిపోయి ఆడుకునే వసంతకాలపు ప్రాక్టీస్ ఆట. మేం వెళ్లినప్పుడు టికెట్ లేదు, ఖాళీగా ఉన్నచోట కూర్చోవచ్చు. ఈసారి అది 2025 ఏప్రిల్ 26, శనివారం మధ్యాహ్నం పడింది.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు అవగానే బయల్దేరాం. ఐ-80 మీద నాలుగు గంటల దారి. ట్రాఫిక్ వల్ల రాత్రి పదిన్నర అయింది. అసలు కథ అక్కడ మొదలైంది.

ఫిబ్రవరిలోనే ఒక బుకింగ్ సైటులో ఆ మోటెల్‌లో రెండు గదులు తీసుకున్నాను. గదికి 118, పన్నులతో రెంటికీ కలిపి 261.96 డాలర్లు ముందే కట్టేశాను. ఊరికి ఇరవై మైళ్ల దూరం కాబట్టే ఆ రేటుకి దొరికింది. కౌంటర్‌లో ఉన్నతను కంప్యూటర్ చూసి, "మీ పేరు మీద ఏమీ లేదు" అన్నాడు. ఈమెయిల్ చూపించాను. "అది సైటు పంపింది, మాది కాదు" అన్నాడు. సైటుకి ఫోన్ చేస్తే, మేం పంపించాం, మోటెల్‌నే అడగండి అన్నారు. ఫోన్ అతనికివ్వబోతే తీసుకోలేదు. నలభై నిమిషాలు ఇదే నడిచింది. మా బాబు సోఫాలో నిద్రపోయాడు. నాన్న తలుపు దగ్గర నిలబడి దగ్గుతున్నారు. మా ఆవిడ వేరే హోటళ్లకి ఫోన్ చేస్తూనే ఉంది, ఎక్కడా ఖాళీ లేదు.

ఆఖరికి అతను, "ఒక్క గది ఉంది, 279, రెండు రాత్రులు తీసుకుంటేనే ఇస్తాను" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అదే గది, అదే మంచం, రేటు రెట్టింపు కన్నా ఎక్కువ. ఆట ఉందనీ, అర్ధరాత్రి ముసలివాళ్లతో ఎక్కడికీ పోలేననీ అతనికి తెలుసు. గట్టిగా వాదించాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పోనీలేరా, మీ నాన్నకి చలేస్తోంది" అంది. చివరికి ఒక్క రాత్రికి ఒప్పుకున్నాడు. పన్నులతో 309.69కి కార్డు గీశాను.

గదిలోకి వెళ్తే ముక్కిన కంపు. కిటికీ కింద హీటర్ నుంచి చల్లటి గాలి తప్ప వేడి రాలేదు. రెండు మంచాలు, ఐదుగురం. ఇంకో దుప్పటి అడిగితే "లాండ్రీ పొద్దున్నే తెరుస్తారు" అన్నాడు. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, కోటు వేసుకునే పడుకున్నారు. ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టినా బాగుండేది. పొద్దున ఎనిమిదిన్నరకి ఉచిత టిఫిన్ అన్నచోట సీరియల్ పొట్లాలు ఉన్నాయి గాని పాలు లేవు. ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోరే మమ్మల్ని ఆదుకుంది.

ఇది చదివేవాళ్లకి నా సలహా ఒకటే. సైటు ఈమెయిల్‌ని నమ్ముకోవద్దు. రెండ్రోజుల ముందు మోటెల్‌కే ఫోన్ చేసి, వాళ్ల కంప్యూటర్‌లో మీ పేరు ఉందో లేదో అడిగి, వాళ్ల నంబరు రాసుకోండి. అంతకన్నా మంచిది ఆ రాత్రి అక్కడ ఉండకపోవడం. న్యూజెర్సీ నుంచైతే తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఆటకి హాయిగా అందుకుంటారు.

స్టేడియానికి మైలు దూరంలో ఒకాయన తన స్థలంలో 20 డాలర్లకి కారు పెట్టుకోనిచ్చాడు. మబ్బు, గాలి, వేళ్లు కొంకర్లు పోయే చలి. పక్క కారువాళ్లు వెనక డిక్కీ తెరిచి పొయ్యి పెట్టి సాసేజ్‌లు కాలుస్తున్నారు. డెబ్భై దాటిన దంపతులు, ఏళ్ల తరబడి ఈ ఆటకి వస్తున్నారట. నాన్న చేతులు రుద్దుకోవడం చూసి ఆవిడ కుర్చీ తెచ్చి పొయ్యి దగ్గర వేసింది. అమ్మ కాగితం ప్లేటులో పులిహోర పెట్టిచ్చింది. ఆయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఎండుమిర్చి పక్కన పెట్టమని చెప్పేలోపే కొరికేశాడు, అయినా ప్లేటు వదల్లేదు. ఒక రాత్రంతా దిగులుగా ఉన్న అమ్మ అక్కడే మొదటిసారి నవ్వింది.

గేటు దగ్గర ఒక పొరపాటు జరిగింది, అది పూర్తిగా నాదే. బీవర్ స్టేడియంలోకి లోపలున్నవి కనిపించే ప్లాస్టిక్ సంచీలే తేవాలి. ఈ నియమం నాకు తెలుసు, అమ్మకి చెప్పడం మర్చిపోయాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ కారులో పెట్టి రావడానికి మైలు వెనక్కి, మైలు ముందుకి నడిచాను. ఆట మొదలై పదిహేను నిమిషాలు పోయాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇంట్లోనే ఒక పారదర్శక సంచీ సర్దుకోండి.

స్టేడియం లోపలికి అడుగు పెట్టగానే నాన్న ఆగిపోయారు. లక్షా ఆరు వేల మందికి పైగా కూర్చునే చోటు. దేశంలో మిషిగన్ స్టేడియం తర్వాత ఇదే పెద్దది. "మా ఊరు ఊరంతా దాదాపు ఇందులోనే పట్టేస్తుందిరా" అన్నారు. పడమటి వైపు పాత ప్రెస్ బాక్స్ కూల్చేసి 70 కోట్ల డాలర్లతో కొత్తగా కడుతున్నారు, 2027కి పూర్తవ్వాలి. నేను చదువుకున్నప్పటి రూపం ఆ వైపు లేదు. కొంచెం బాధేసింది.

ఇక ఆట. నేను వెళ్లింది ఒక ప్రశ్నతో. 2025 జనవరి 9న ఆరెంజ్ బౌల్ అనే సెమీఫైనల్‌లో నోటర్ డేమ్ జట్టు చేతిలో 27-24తో ఓడిన రాత్రి నేను నిద్రపోలేదు. గెలిస్తే ఫైనల్. స్కోరు సమానంగా ఉన్నప్పుడు, చివరి నిమిషంలో మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, అలర్ వేసిన బంతి వాళ్ల చేతికి చిక్కింది. ఏడు సెకన్లు ఉందనగా వాళ్లు బంతిని గోల్ కర్రల మధ్యనుంచి తన్ని ఫీల్డ్ గోల్ కొట్టారు. అందరూ అలర్‌ని తిట్టారు. నా బాధ వేరు. ఆ ఆట మొత్తం మీద మన వైడ్ రిసీవర్లలో, అంటే పరుగెత్తి ఆ బంతి అందుకోవాల్సినవాళ్లలో, ఒక్కడంటే ఒక్కడు కూడా బంతి పట్టలేదు. 13 ఆటలు గెలిచిన జట్టుకి ఇదా గతి? అందుకే యూఎస్‌సీ యూనివర్సిటీ నుంచి హడ్సన్‌ని, ట్రాయ్ యూనివర్సిటీ నుంచి రాస్‌ని రిసీవర్లుగా తెచ్చారు. వాళ్లిద్దరూ అలర్‌తో ఎలా కుదురుతున్నారో చూడాలని ఇంత దూరం వచ్చాను.

జవాబు దొరకలేదు. మొదటి వరుస వాళ్లని, అంటే ముఖ్య ఆటగాళ్లని, ఎక్కువసేపు ఆడించలేదు. క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టకూడదు, దగ్గరికి రాగానే విజిల్ వేసేస్తారు. కాబట్టి డిఫెన్స్ ఎంత బలంగా ఉందో ఈ ఆట చూసి తేల్చలేం. ఒహాయో స్టేట్ నుంచి అప్పుడే వచ్చిన డిఫెన్స్ కోచ్ జిమ్ నోల్స్ కొత్త ఎత్తులేవీ ఇక్కడ బయటపెట్టలేదు, పెట్టాల్సిన పని కూడా లేదు. బంతి పట్టుకుని పరుగెత్తే సింగిల్టన్, అలెన్ ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోకుండా ఇంకో ఏడాది ఉండిపోవడమే అప్పుడు నాకు పెద్ద ధైర్యం. రెండో క్వార్టర్‌బ్యాక్ ప్రిబులా మిజూరీకి వెళ్లిపోయాక అలర్ వెనక నిలబడాల్సింది గ్రంకెమేయర్. ఆ కుర్రాడి మీద నాకు నమ్మకం ఉంది గాని, అప్పటికి అతనికి ఇంకో ఏడాది సమయం ఇవ్వాలనిపించింది.

స్కోరు కోసం, గెలుపు కోసం వెళ్లేవాళ్లకి ఈ ఆట నచ్చదు. అయినా ఇది బతకాలని గట్టిగా కోరుకుంటాను. 2025లో నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు తన వసంత ఆటని మానేసింది. టీవీలో చూసి ఇతర జట్లు తమ ఆటగాళ్లని లాగేసుకుంటున్నాయని కోచ్ మాట్ రూల్ కారణం చెప్పాడు. ఆయన కూడా పెన్ స్టేట్‌లోనే, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరి ఆడినవాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ ఆట పోతే వాక్-ఆన్ పిల్లల్ని ఎవరు చూస్తారు?

ఇలా అనడానికి కారణం మా ముందు వరుసలో కూర్చున్న కుటుంబం. తల్లీ తండ్రీ, ఇద్దరు ఆడపిల్లలు, నలుగురి చొక్కాల మీదా ఒకే నంబరు. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకెళ్లాలని నాన్నకి అప్పటికే చెప్పాను. ఆయన దాన్ని కబడ్డీ లెక్కలో పెట్టుకున్నారు. "గీత దాటితే మళ్లీ కొత్త కూత, అంతేగా" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. మూడో వరుస ఆటగాళ్లు దిగేసరికి జనం సగం లేచిపోయారు. మా ఆవిడ కూడా, "చలికి మామయ్యగారు ఇబ్బంది పడుతున్నారు, వెళ్దామా?" అంది. నాన్న కదల్లేదు.

అప్పుడే ఆ నంబరు పిల్లాడు మైదానంలోకి వచ్చాడు. ముందున్న నలుగురూ లేచి నిలబడ్డారు. మూడుసార్లు ఆట నడిచినా బంతి అతనివైపు రాలేదు. నాలుగోసారి వచ్చింది. పక్కగీత దగ్గర ఒంగి పట్టుకుని, ఇద్దరు మీద పడుతున్నా ఓ నాలుగు గజాలు లాక్కెళ్లాడు. అంతా కలిపి ఎనిమిది గజాలేమో. తల్లి మొహం రెండు చేతులతో కప్పుకుని ఏడ్చేసింది. నాన్న వాళ్లకన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ తండ్రి వెనక్కి తిరిగి నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. వాళ్లబ్బాయి మూడేళ్లుగా సొంత ఫీజు కట్టుకుంటూ రోజూ ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడట. అసలు ఆటలో ఇంతవరకు దించలేదట.

నాన్నకి తెలుగులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాలేజీ కబడ్డీ జట్టులో నేనూ రెండేళ్లు ఎక్స్‌ట్రాగానే ఉన్నారా. గుంటూరు పోటీలకి తీసుకెళ్లారు గాని దించలేదు. మా నాయన సైకిలేసుకుని వచ్చి చూసి పోయాడు" అన్నారు. నలభై ఏళ్లొచ్చాయి నాకు, ఆయన కబడ్డీ ఆడాడని తెలుసు గాని ఈ సంగతి తెలీదు. అమ్మకి కూడా తెలీదట.

"వీ ఆర్" అని ఒకవైపు అరిస్తే "పెన్ స్టేట్" అని రెండోవైపు అందుకోవడం మా బాబుకి తెగ నచ్చింది. ఇంటికొచ్చాక కూడా ఆపలేదు.

ఆట అయ్యాక క్యాంపస్‌లోని బర్కీ క్రీమరీకి వెళ్లాం. అంత చలిలోనూ క్యూ తలుపు దాటి బయటికి వచ్చింది, నలభై నిమిషాలు పట్టింది. ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు. ఒక కోన్‌లో రెండు రుచులు కలపరు, అది అక్కడి నియమం. 1996లో బిల్ క్లింటన్ వచ్చినప్పుడు ఆయనొక్కడికే కలిపిచ్చారని చెప్తారు. మా బాబు అడిగి చూశాడు, కుదరదన్నారు. అమ్మ బటర్ పెకన్ తీసుకుంది. "పాలు పాలుగా ఉంది, మన గేదెపాల మీగడ గుర్తొస్తోంది" అంది. మా అమ్మ బయట తిన్నదాన్ని మెచ్చుకోవడం నేను చాలా అరుదుగా విన్నాను. ఐదుగురికీ 28 డాలర్లు. ఈ ఊరు వెళ్లి క్రీమరీకి వెళ్లకపోతే సగం ప్రయాణం పోయినట్టే. నిట్టనీ సింహం విగ్రహం దగ్గర ఫోటో దిగి బయల్దేరాం.

శనివారం రాత్రి పిట్స్‌బర్గ్ శివార్లలో రెండు గదులు, గదికి 121 డాలర్లు, వెచ్చగా, శుభ్రంగా. ఆదివారం పొద్దున్నే పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం. 1970ల్లో కట్టిన గుడి, అమెరికాలో తొలి రోజుల్లో వెలిసినవాటిలో ఒకటి. కింద క్యాంటీన్‌లో దద్దోజనం, పులిహోర తిన్నాక నాన్న దగ్గు కూడా తగ్గినట్టనిపించింది.

బుకింగ్ సైటు నుంచి 261.96 ఇంకా రాలేదు. రోజూ ఫోన్ చేస్తున్నాను, వదిలే ప్రసక్తి లేదు. సీజన్‌లో ఒక పెద్ద ఆటకి నేను టికెట్లు వెతుకుతున్నాను. అమ్మా నాన్నా జూలైలోనే వెళ్లిపోతున్నారు. నాన్న ఆ పిల్లాడి నంబరు తన చిన్న డైరీలో రాసుకున్నారు. సీజన్ మొదలయ్యాక అతన్ని దించారో లేదో ప్రతి ఆదివారం ఫోన్ చేసి చెప్పమన్నారు.