తాతగారి గుడి, మేనమామ గుడి: చోళ దేశంలో నాలుగు రోజులు

మాది రాజమండ్రి. నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజ నరేంద్రుడి పేరు వింటూ పెరిగాం. ఆయన తల్లి కుందవ్వ చోళుల ఆడపడుచు, మొదటి రాజరాజ చోళుడి కూతురు. అంటే తంజావూరు పెద్ద గుడి మా రాజుగారి తాతగారు కట్టించిందే. గంగైకొండ చోళపురం మేనమామ రాజేంద్రుడిది. ఆ మేనమామ కూతురు అమ్మంగదేవినే ఆయన పెళ్లాడాడు. ఈ చుట్టరికం ఎన్నాళ్లుగానో మనసులో ఉంది. జనవరి చివర్లో సెలవు దొరగ్గానే ఒక్కదాన్నే బయల్దేరాను.

చెన్నై ఎగ్మూరులో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి తంజావూరులో దిగాను. మొదటి దెబ్బ బస దగ్గరే తగిలింది. ఫోన్లో రూమ్ ఉందని చెప్పిన లాడ్జివాళ్లు, నన్ను చూశాక ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వమన్నారు. ఊరు కొత్త, చేతిలో బ్యాగు, చాలా టెన్షన్ పడ్డాను. గంట తిరిగాక స్టేషన్ దగ్గర 1,400 రూపాయలకు శుభ్రమైన గది దొరికింది. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఒక్కరమేనని ముందే చెప్పి, సరేనని మెసేజ్ పెట్టించుకోండి.

పెద్ద గుడికి సాయంత్రమే వెళ్లాలి. 1010లో పూర్తయిన గుడి, విమానం (గర్భగుడి మీది గోపురం) దాదాపు 216 అడుగులు. ఎండ వాలేకొద్దీ ఆ రాయి తేనె రంగులోకి తిరుగుతుంది. గైడ్‌కి డబ్బులిచ్చినందుకు బాధపడ్డాను. గోపురం నీడ నేలమీద పడదని చెప్పాడు, అది నిజం కాదు, పడుతుంది. దానికంటే గోడల మీది శాసనాల గురించి చెప్పి ఉంటే బాగుండేది. గుడి కొలువులో పెట్టిన 400 మంది నాట్యగత్తెల పేర్లు, వాళ్లకిచ్చిన ఇళ్లతో సహా చెక్కించాడు రాజరాజు. వెయ్యేళ్ల తర్వాత కూడా ఆ ఆడవాళ్ల పేర్లు మిగిలున్నాయి.

మర్నాడు కుంభకోణానికి మారాను. మళ్లీ వెళ్తే మొదటి రోజు నుంచే అక్కడ దిగుతాను. ఒక పాత పెంకుటింట్లో గది తీసుకున్నాను. ఇంటి పెద్దావిడ పొద్దున్నే ఇత్తడి డబరాలో కాఫీ ఇచ్చి, ఏ బస్సెక్కాలో చెప్పి, రాత్రి నేను తిరిగొచ్చేదాకా వీధి దీపం వేసి ఉంచేవారు. ఒంటరిగా ఉన్నానన్న బెంగే కలగలేదు.

గంగైకొండ చోళపురానికి అక్కడి నుంచి బస్సులో గంటకు పైనే. జనం లేరు. పచ్చిక మధ్య గుడి ఒక్కటే. తంజావూరు విమానం నిటారుగా లేస్తే, ఇది నడుము దగ్గర ఒంపు తిరిగినట్టు ఉంటుంది. ఉత్తరం వైపు మెట్ల దగ్గర శివభక్తుడు చండేశుడి శిల్పం ముందు అరగంట నిలబడ్డాను. పక్కన పార్వతితో కూర్చున్న శివుడు కాస్త వంగి, పాదాల దగ్గర చేతులు జోడించిన భక్తుడి తలకు తన చేతులతో పూలదండ చుడుతున్నాడు. పిల్లాడికి తలపాగా చుట్టే తండ్రి చేతుల్లా ఉన్నాయి ఆ చేతులు. నాకు కళ్లు చెమర్చాయి. తాతగారి గుడి కంటే మేనమామ గుడే నాకు ఎక్కువ నచ్చింది. అయితే దగ్గర్లో సరైన భోజనం లేదు, నీళ్లు, టిఫిన్ వెంట తీసుకెళ్లండి. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా గర్భగుడి మూసేస్తారు కాబట్టి పొద్దున్నే చేరుకోవాలి.

చివరి రోజు దారాసురం. కుంభకోణానికి నాలుగు కిలోమీటర్లు, ఆటోకి రానూపోనూ 400 తీసుకున్నాడు. అక్కడి శివాలయాన్ని కట్టించిన రెండో రాజరాజు ఎవరో కాదు, మన రాజరాజ నరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడి వంశమే. చక్రాలు, గుర్రాలతో రథంలా ఉన్న మండపం ముందే అందరూ ఫోటోలు దిగుతున్నారు. మీరు మాత్రం వెనక్కి వెళ్లి, గర్భగుడి చుట్టూ గోడ కింది వరసలో చెక్కిన నాయనార్ల (తమిళ శివభక్తుల) కథలు చూడండి. జానెడు ఎత్తు కూడా లేని బొమ్మలు, కూర్చుంటే గానీ కనపడవు. నేను నేలమీదే కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ, గుడి మూసే వేళకి సగం కూడా పూర్తి చేయలేకపోయాను.