మోంటానా క్రిస్టల్ పార్క్: జల్లెడ పట్టి ఏరుకున్న స్ఫటికాలు

జల్లెడలోని మట్టి రాలిపోయాక అడుగున చిటికెన వేలంత ముక్క ఒకటి మిగిలింది. సీసాలో నీళ్లు పోసి కడిగితే ఆరు పలకలు, మొనదేలిన కొస. మా అమ్మాయి అరచేతిలో పెట్టుకుని చూసి "దీన్ని ఎవరూ చెక్కలేదా నాన్నా?" అంది. లేదమ్మా, భూమిలో అలాగే పెరిగింది అన్నాను. ఎంతసేపటికీ గుప్పిట విప్పలేదు.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో డిల్లన్ ఊరి నుంచి పయొనీర్ కొండల్లోకి గంటకు పైగా ప్రయాణం. పార్కు సుమారు 7,800 అడుగుల ఎత్తున, జాతీయ అటవీ భూమిలో ఉంది. అటవీ శాఖ, బ్యూట్ నగరంలోని మినరల్ అండ్ జెమ్ క్లబ్ (ఖనిజాలు, రత్నాలంటే ఆసక్తి ఉన్నవాళ్ల సంఘం) కలిసి దీన్ని ఏర్పాటు చేశాయి. కారుకు 5 డాలర్లు కట్టాం. దొరికినవి మన కోసం ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఒకప్పుడు వేడినీళ్లలో కరిగి వచ్చిన సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఇక్కడి గ్రానైట్ పగుళ్లలో క్వార్ట్జ్ స్ఫటికాలుగా పేరుకుంది. తర్వాత ఆ గ్రానైట్ శిథిలమై గరుకు మట్టిగా మారింది, స్ఫటికాలు మాత్రం చెక్కుచెదరకుండా అందులో ఉండిపోయాయి. అందుకే ఇక్కడ సుత్తితో పనిలేదు. చిన్న పార, పావు అంగుళం కన్నాల జల్లెడ ఉంటే చాలు. పొద్దున రెండు గంటలు లోతుగా తవ్వితే నాకు దొరికినవి మూడే. మా ఆవిడ పక్కనే కూర్చుని పైమట్టి ఓపిగ్గా జల్లించి పదకొండు ఏరింది. వాటిలో ఒకటి లేత ఊదా రంగు అమెథిస్ట్. క్వార్ట్జ్‌లో కొద్దిగా ఇనుము చేరి, రాళ్లలోని సహజ రేడియేషన్ తగిలితే ఆ రంగు వస్తుంది.

మెషీన్లు వాడకూడదు, చేతి పనిముట్లే. సొరంగంలా లోపలికి తవ్వడం నిషేధం. వెళ్లేముందు గుంత పూడ్చాలి. మాకు ముందు ఎవరో చెట్టు వేళ్ల కింద తొలిచి అలాగే వదిలేశారు. చూస్తే బాధేసింది. పైన మట్టి కూలితే పిల్లల ప్రాణానికే ప్రమాదం.

టాయిలెట్లు, పిక్నిక్ బల్లలు ఉన్నాయి. మా ఫోన్లకు సిగ్నల్ మాత్రం అందలేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, తాగడానికీ కడగడానికీ నీళ్లు వెంట తెచ్చుకోండి. పార్కులో రాత్రి ఉండనివ్వరు. మొదటి రాత్రి డిల్లన్‌లో ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ లారీల మోతకు నిద్ర పట్టలేదు. రెండో రాత్రి పార్కుకు దగ్గర్లోని ఎల్క్‌హార్న్ హాట్ స్ప్రింగ్స్‌లో బస. గది సాదాసీదాగా ఉన్నా, రోజంతా వంగి తవ్విన నడుముకు ఆ సహజ వేడినీళ్ల కొలను ఎంత హాయినిచ్చిందో! గుడారం ఉన్నవాళ్లకు ప్రైస్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ ఇంకా దగ్గర.

వేసవిలో వెళ్లండి, చలికాలమంతా అక్కడ మంచే. మేం బయల్దేరేముందు గుంత పూడుస్తుంటే ఆఖరి పార మట్టిలో ఇంకొకటి తళుక్కుమంది. మా అమ్మాయి దాన్ని తీసుకోకుండా, తర్వాత వచ్చేవాళ్ల కోసమని మళ్లీ మట్టిలోనే పెట్టేసింది.