రెండేళ్లు చీటీలతో జీవశాస్త్రం చదివాక

ఒక వైపు ప్రశ్న, మరో వైపు జవాబు రాసుకున్న మందపాటి చీటీలు, వాటికి మూడు అరలున్న పెట్టె. రెండేళ్లుగా నా జీవశాస్త్ర పునశ్చరణ వీటితోనే సాగింది. కొత్త చీటీ మొదటి అరలో ఉంటుంది, రోజూ చూడాలి. జవాబు చెప్పగలిగితే మూడు రోజులకొకసారి చూసే రెండో అరకు, ఆపైన వారానికొకసారి చూసే మూడో అరకు మారుతుంది. తప్పితే ఎక్కడున్నా మళ్లీ మొదటికే. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

ప్రత్యుత్పత్తి పాఠాలకు ఇంతకు మించిన సాధనం నాకు దొరకలేదు. పూలమొక్కల పిండకోశంలో (స్త్రీబీజకణం ఉండే సంచిలాంటి భాగం) 7 కణాలు, 8 కేంద్రకాలు అని వల్లె వేస్తే నాలుగు రోజుల్లో చెరిగిపోతుంది. పేర్లు లేని బొమ్మ చీటీ మీద గీసుకుని, స్త్రీబీజకణం, రెండు సహాయకణాలు, మూడు ప్రతిపాద కణాలు, రెండు ధ్రువ కేంద్రకాలున్న కేంద్ర కణం అని వేలు పెట్టి చెప్పుకుంటే లెక్క దానంతటదే తేలుతుంది. ఒక పురుష సంయోగబీజం ఆ రెండు ధ్రువ కేంద్రకాలతోనే కలుస్తుందని బొమ్మలో కనబడుతుంది కాబట్టి, అంకురచ్ఛదం (గింజలో పిండానికి ఆహారమిచ్చే కణజాలం) ఎందుకు త్రయస్థితికమో, అంటే దానిలో క్రోమోజోములు మూడు జతలుగా కాక మూడు వరసలుగా ఎందుకుంటాయో, విడిగా గుర్తుంచుకోనక్కరలేదు.

అండజననం, అంటే స్త్రీ శరీరంలో అండం తయారయ్యే తీరు, మాత్రం మూడు నెలలు ఏడిపించింది. అండంగా మారబోయే కణాల్లో ప్రాథమిక అండమాతృక క్షయకరణ విభజనలోని మొదటి విభజన ప్రథమదశలో, ద్వితీయ అండమాతృక రెండో విభజన మధ్యస్థదశలో ఆగుతాయి. ఏది ఎక్కడో ప్రతిసారీ తారుమారు చేసేదాన్ని. చివరకు చీటీ మీది ప్రశ్ననే మార్చాను. ‘ఎక్కడ ఆగుతుంది?’ అని కాకుండా ‘దేనికోసం ఎదురుచూస్తోంది?’ అని రాశాను. మొదటిది యౌవనం తర్వాత వచ్చే ల్యూటినైజింగ్ హార్మోను (అండం విడుదలకు కారణమయ్యే హార్మోను) ఉప్పెన కోసం, రెండోది శుక్రకణం కోసం. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు. చీటీ పనితనం అంతా ప్రశ్నలోనే ఉందని నాకు అప్పుడే అర్థమైంది. వేరొకరు రాసిన చీటీలు నాకు పనికిరాకపోవడానికి కారణం కూడా అదే.

జన్యుశాస్త్రం దగ్గర ఈ పద్ధతి నన్ను మోసం చేసింది. ‘ద్విసంకర సంకరణ దృశ్యరూప నిష్పత్తి?’ (రెండు లక్షణాలను కలిపి చూసే సంకరణలో పైకి కనిపించే రూపాల నిష్పత్తి) అన్న చీటీకి 9:3:3:1 అని రెప్పపాటులో చెప్పేదాన్ని. పరీక్షలో సహలగ్నత ఉన్న, అంటే ఒకే క్రోమోజోము మీద ఉండి కలిసి సంక్రమించే, జన్యువుల మీద లెక్క ఇచ్చారు. అలవాటుకొద్దీ అదే నిష్పత్తి రాసి మార్కులు పోగొట్టుకున్నాను. ఆ నిష్పత్తి జన్యువులు స్వతంత్రంగా విడిపోయినప్పుడే వస్తుంది. జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ పండు ఈగల్లో పసుపు దేహం, తెల్లకన్ను జన్యువుల మధ్య పునఃసంయోజనాలు (తల్లిదండ్రుల్లో లేని కొత్త కలయికలు) 1.3 శాతమే, తెల్లకన్ను, సూక్ష్మ రెక్కల మధ్య 37.2 శాతం. ఈ అంకెలు నా చీటీల్లోనే ఉన్నాయి, అయినా లెక్కలోకి రాలేదు. ఇప్పుడు జన్యుశాస్త్రానికి నిర్వచనాల చీటీలు కొన్ని ఉంచుకుని, మిగతా సమయమంతా తెల్ల కాగితం మీద లెక్కలే చేస్తున్నాను. తండ్రికి వర్ణాంధత ఉండి తాను మామూలుగా చూడగలిగే స్త్రీ, అలాంటి లోపం లేని పురుషుడిని పెళ్లాడితే కొడుకుల్లో సగం మందికి వర్ణాంధత వచ్చే అవకాశం ఎందుకుందో వంశవృక్షం గీస్తేనే తెలుస్తుంది.

జీవవైవిధ్యానికి సగం ఉపయోగం. ఒక ప్రాంతం జీవవైవిధ్య హాట్‌స్పాట్ కావాలంటే అక్కడ కనీసం 1,500 స్థానీయ (మరెక్కడా పెరగని) నాళికా మొక్కల జాతులు ఉండాలి, సహజ ఆవాసంలో 70 శాతమైనా పోయి ఉండాలి: ఇలాంటివి చీటీలో చక్కగా ఇముడుతాయి. కానీ విక్టోరియా సరస్సులోకి నైలు పెర్చ్ చేపను వదిలాక స్థానిక సిక్లిడ్ చేపలకు ఏమైందో ముక్కలుగా రాసుకుంటే కథ తెగిపోతుంది. అందుకే జాతుల నష్టానికి ఒకే పెద్ద చీటీ చేశాను. ఆవాస నాశనం, అతి వినియోగం, పరాయి జాతులు, సహవిలుప్తత (ఒక జాతి అంతరిస్తే దానిపై ఆధారపడ్డ జాతీ అంతరించడం) అన్న నాలుగు మాటలే దాని మీద ఉంటాయి. చేతిలో పట్టుకుని ఒక్కో మాట మీద ఉదాహరణతో సహా గట్టిగా మాట్లాడతాను. తడబడిన మాట కింద పెన్సిలుతో గీత పెడతాను. సహవిలుప్తత కింద గీతలు ఇంకా పడుతూనే ఉన్నాయి.