నెల్లూరులో రొయ్య లేని విందు: మాకు వండిపెట్టిన కేటరింగ్ వారి గురించి

పెళ్లి భోజనం నెల్లూరులో ఎవరైనా వండుతారు. మామూలు వంటల పట్టిక పనికిరాని విందు మీద పడినప్పుడు, చెప్పింది చెవినపెట్టే వంటవాడు కావలసినవారి కోసం ఇది రాస్తున్నాను. మూలాపేటలో ఉండే ఈ వంట మాస్టారికి వంటలో అయిదుకు అయిదు వేస్తాను. వడ్డనకు రెండు. ఆ రెండూ కూడా మాస్టారి మొహం చూసి.

సందర్భం చెప్పాలి. మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది, భర్త యూదు. వాళ్ల అమ్మాయికి పదమూడేళ్లు వచ్చాయి, మొన్న జులైలో అక్కడి సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, బాత్ మిట్స్వా అనే వేడుక జరిగింది. పిల్ల సభ ముందు నిలబడి, వాళ్ల ధర్మగ్రంథమైన తోరాను అచ్చుల గుర్తులు లేకుండా హీబ్రూలో రాసిన చుట్టలోంచి తన వంతు భాగాన్ని రాగంతో చదివి, దాని మీద సొంతంగా మాట్లాడాలి. ఆనాటి నుంచి ధర్మం పాటించే బాధ్యత తనదే. మా బంధువుల్లో సగం మంది దీన్ని ఓణీల ఫంక్షన్ అనుకుని వచ్చారు. మేనమామగా లంగా ఓణీ నేనూ పెట్టాను, కాదనను; కానీ ఈ వేడుక ఈడేరినందుకు కాదు, చదివి ఒప్పించినందుకు. మగపిల్లలకు ఎప్పటి నుంచో ఉన్నదే. అమెరికాలో ఆడపిల్లకు మొదటిసారి 1922లో, న్యూయార్క్‌లో, రబ్బీ (యూదు మతగురువు) మొర్దెకై కప్లాన్ తన కూతురు జూడిత్‌కు చేయించాడు. "మన వైపు యూదులు ఎక్కడున్నారయ్యా" అన్న మా పెదనాన్నకు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిము అనే యూదు సమాజం వారు ఉన్నారని చెప్పాను. ఆయన నమ్మలేదు.

అమ్మమ్మ ఊళ్లో కూడా అందరికీ ఆకు వేయాలని చెల్లెలి కోరిక. పిల్లకు బడి సెలవులు డిసెంబరు చివర్లో, అంటే నిండు ధనుర్మాసం. శుభకార్యం ఇప్పుడేమిటని పెద్దవాళ్లు గొణిగారు. ముహూర్తాలు లేని నెల కాబట్టి మండపం సగం అద్దెకే దొరికిందని తెలిశాక గొణుగుడు కూడా సగమైంది.

అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. మా బావకు పట్టింపులు లేవు. ఆయన తల్లి, అంటే మా అమ్మకు వియ్యపురాలు, కోషర్ అనే యూదుల తిండి నియమం ఏ దేశం వెళ్లినా వదలరు. రొయ్య, పీత పనికిరావు. చేపకు రెక్కలూ, గీకితే ఊడివచ్చే పొలుసులూ రెండూ ఉండాలి. మాంసం వాళ్ల పద్ధతిలో కోసినదై ఉండాలి, అదీ పాల పదార్థాలతో ఒక భోజనంలో కలవకూడదు. మొదట మాట్లాడిన కేటరింగ్ ఆయన సగం విని, "రొయ్యల వేపుడు లేకుండా నెల్లూరులో వడ్డిస్తే మా పేరు పోతుంది సార్" అని ఫోను పెట్టేశాడు.

ఈ మాస్టారు నోటు పుస్తకం తెచ్చుకున్నారు. ప్రశ్నలన్నీ ఆయనే అడిగారు. నెయ్యి పాల లెక్కలోకి వస్తుందా? చేప మాంసం కింద లెక్కా? పెరుగన్నం చేపల పులుసు తరువాత తినవచ్చా? చేపను మాంసం కింద లెక్కపెట్టరనీ, పెరుగుతో తమకు ఇబ్బంది లేదనీ వియ్యపురాలు గారు చెప్పగానే ఆయన తేల్చేశారు: "అయితే మటన్ కొట్టేద్దాం. అదొక్కటి పోతే నెయ్యి, పెరుగు, మలై కాజా అన్నీ నిలుస్తాయి." నేను రెండు రాత్రులు కాగితం మీద కుస్తీపట్టిన లెక్క అది. బొమ్మిడాయిల పులుసు కూడా, పొలుసు కంటికి కనిపించదని, తనంతట తానే తీసేశారు. కాలీఫ్లవర్ వద్దన్నారు, నియమం ప్రకారం అందులో పురుగు లేదని చూసుకోవాలట, ఆ పువ్వులో ఎవరు వెతుకుతారు! బియ్యం మాత్రం మా అత్తయ్యలు చేటలతో చెరిగి ఏరుతుంటే వియ్యపురాలు గారు తానూ ఒక చేట ముందు కూర్చున్నారు.

పాత డేగిసాల్లో మటన్ వండి ఉంటారు కనుక ఆమె తినే వంటలకు కొత్త స్టీలు గిన్నెలు కొన్నాం. ఆకుల గొడవే లేదు. అరిటాకు ఎప్పుడూ కొత్తదే కదా. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు విశ్రాంతి దినం, పొయ్యి వెలిగించరు. అందుకే విందు ఆదివారం మధ్యాహ్నం పెట్టి, శనివారం మూడు చుక్కలు పొడిచాక వంట మొదలుపెట్టారు. రాత్రి వంట మాస్టారికి అలవాటే. వంటలో యూదుల చేయి పడాలన్న నియమం కోసం మొదటి పొయ్యి ఆమే వెలిగించారు. తెల్లవారుజామున శీలావతి చేప ఒకటి పళ్లెంలో తెచ్చి, ఆమె ఎదుటే కత్తితో పొలుసు గీకి చూపించారు మాస్టారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, అడగలేదు.

పులుసు గురించి. డిసెంబరులో మామిడికాయ దొరకదు, చింతపండుతోనే లాగించారు. మామిడి ముక్క లేని నెల్లూరు పులుసు నాకు లోటే. కానీ మెంతి వాసన, నూనె తేలిన ఎరుపు, ముక్క విరగని తీరు చూస్తే తప్పు పట్టలేను. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గుత్తి వంకాయ బాగున్నాయి. గారెలు గట్టిపడ్డాయి.

వడ్డన కుర్రాళ్లు మాత్రం మాస్టారి మాట ఒక్కటీ చెవిన వేసుకోలేదు. వియ్యపురాలు గారి వరుసకు సాంబారు పాత బకెట్టులో తెచ్చారు. ఆమె ఏమీ అనకుండా ఆకు మీద చేయి అడ్డం పెట్టారు. అది చూసి మాస్టారే తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, చివరిదాకా ఆ వరుసకు తానే వడ్డించారు. మూడో బంతికి పెరుగు వడ నిండుకుంది. అల్లిన జడలాంటి హల్లా రొట్టెలను ట్రంకు రోడ్డులోని ఒక బేకరీలో చెప్పాం. జడ చక్కగా అల్లారు, లోపల టూటీ ఫ్రూటీ కుక్కారు.

భోజనాలకు ముందు మా మేనకోడలు తన ప్రసంగం వచ్చీరాని తెలుగులో మళ్లీ చెప్పింది. ఆమె చదివిన భాగంలో కొడుకులు లేని తండ్రి చనిపోతే అయిదుగురు కూతుళ్లు మోషే ముందుకు వచ్చి వాటా అడుగుతారు. ఇవ్వమని దేవుడే చెబుతాడు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ చట్ట సవరణ 1986లో వచ్చిందని నేను పక్కనుంచి అందించాను. "అంతకు ముందే పెళ్లయిన నాకేమిటి?" అని మా పెద్ద మేనత్త గట్టిగా అడిగింది. హాలంతా నవ్వింది. మా బాబాయిలు నవ్వలేదు. తరువాత పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తి ఆడారు. ప్లాస్టిక్ కుర్చీ నమ్మలేక మండపం వారి పెళ్లికొడుకు కుర్చీ అడిగితే, అద్దె అడగకుండా ఇచ్చారు.

యూదులకు 18 ప్రాణానికి గుర్తు, కానుకలు దాని గుణిజాల్లో ఇస్తారు. బ్యాంకులో పనిచేసిన బుద్ధి కాబట్టి లెక్కవేశాను: మన 1,116ను 18తో భాగిస్తే సరిగ్గా 62. వియ్యపురాలు గారికి చెబితే ఫోనులో భాగించి చూసుకున్నారు. 116 భాగం పోదు, ఇచ్చినవాళ్లను ఏమీ అనలేదు.

బిల్లు ఆకుకు 450 రూపాయలు. కొత్త గిన్నెలు మన ఖర్చే. నీళ్ల సీసాలకు విడిగా వేస్తారు, ముందే మాట్లాడుకోండి. వడ్డనకు మీ ఇంటి పిల్లలను పెట్టుకుంటానంటే ఆకుకు 40 తగ్గిస్తారట. విందు అయ్యాక తెలిసింది.