సీటీసీల ఈ రిపేర్ షాపు: లాన్ కార్డ్ కొందామని పోతే అమ్మనన్నడు, అసలు రోగం పట్టిండు

సాయంత్రం ఆరున్నర దాటిందంటే సాలు మా ఇంట్ల కంప్యూటర్‌కు నెట్ పోవుడు షురూ అయ్యేది. మొత్తానికే పోతే ఎవ్వలకన్న చూపియ్యొచ్చు, ఇది ఇరవై సెకండ్లు పోతది వస్తది, మళ్ల పావుగంటకు పోతది. నాది ఇంటికాడికెల్లే పని, టీం కాల్స్ అన్నీ ఆ టైంకే, నేను మాట్లాడుతనే ఉంట, అవుతలోళ్లు హలో హలో అంటనే ఉంటరు. రెండు నెలలు గిట్లనే నడిచింది, మేనేజర్‌కు సారీ చెప్పీ చెప్పీ పాణం ఇసిగిపోయింది.

కనెక్షన్ ఇచ్చినోళ్లకు నాలుగు సార్లు కంప్లైంట్ పెట్టిన. వచ్చిన పిల్లగాడు ఫోన్ల స్పీడ్ టెస్ట్ పెట్టి "మంచిగనే వస్తుంది కదన్నా" అని పోయేటోడు. ఆయన అన్నది అబద్ధం గూడ కాదు, ఫోన్ల వైఫై ఎన్నడూ పోలే, ఫైబర్ తెగితే డబ్బా మీద ఎల్ఓఎస్ అని ఎర్ర లైట్ కొట్టుకుంటది, అదీ ఎన్నడూ కొట్టుకోలే. ఇగ కంప్యూటర్ల లాన్ కార్డే, అంటే నెట్ కేబుల్ గుచ్చే కార్డే పోయిందనుకొని ఒక శనివారం సీపీయూని ఆటోల ఏసుకొని హబ్సిగూడ నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల ఉన్న కంప్యూటర్ మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మన సీటీసీకి పోయిన.

షాపు చిన్నది, ఇద్దరు నిలబడితే మూడోటాయన బయటనే ఆగాలె. నేను "అన్నా, లాన్ కార్డ్ మార్చాలె" అన్న. ఆయన కార్డ్ తియ్యలే, ముందుగాల అడుగుడు షురూ చేసిండు. నెట్ పోయినప్పుడు ఫోన్ల ఉంటదా? కంప్యూటర్‌కు వైఫైనా కేబులా? కేబుల్ ఎంత దూరం? ఊకెనే వదిలేసినప్పుడు పోతదా, పని చేస్తుంటే గూడ పోతదా? ఇవి అడిగినోళ్లు రెండు నెలలల్ల ఒక్కలు లేరు. తర్వాత వాళ్ల లైన్‌కు పెట్టి గంటసేపు పింగ్ నడిపిచ్చిండు, అంటే అవుతల మెషీన్‌కు సిగ్నల్ పంపి రిప్లై వస్తుందా లేదా చూసుడు, ఒక్కటంటే ఒక్క రిప్లై మిస్ కాలే. డివైస్ మేనేజర్‌ల లాన్ కార్డ్ పవర్ మేనేజ్‌మెంట్ల, కరెంట్ ఆదా కోసం కార్డ్‌ను ఆఫ్ చెయ్యొచ్చు అని ఉండే టిక్కు గూడ తీసేసిండు, గానీ "నీ రోగం ఇది కాదన్నా, పని నడుస్తుంటే పోతుంది కదా" అన్నడు. కార్డ్ మంచిగుంది, నేను అమ్మ అన్నడు. పైసలు గూడ తీస్కోలే.

ఇంటికి పోయి ఏం చెయ్యాల్నో చెప్పిండు, ఇది అందరికీ పనికొస్తదని రాస్తున్న. రెండు నల్ల కమాండ్ విండోలు తెరవాలె, ఒక దాంట్ల రూటర్‌కు పింగ్, మాది 192.168.1.1, ఇంకోదాంట్ల 8.8.8.8 కు, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కు, రెండిట్లనూ చివర మైనస్ టి పెడితే ఆగకుండ నడుస్తది. రూటర్ రిప్లై ఇస్తనే ఉండి 8.8.8.8 ఒక్కటే ఆగితే తప్పు బయట లైన్‌ల, రెండూ ఒక్కపారే ఆగితే తప్పు ఇంట్లనే, రూటర్‌కూ కంప్యూటర్‌కూ నడుమ. పోయిన టైం కాయితం మీద రాయమన్నడు.

నాకు రెండూ ఒక్కపారే ఆగినయ్, అదీ టైమ్డ్ అవుట్ అని కాదు, జనరల్ ఫెయిల్యూర్ అని వచ్చింది, అంటే సిగ్నల్ కంప్యూటర్‌కెల్లి బయటికే పోతలేదన్నట్టు. షాపాయనకు ఫోన్ చేస్తే లింక్ స్పీడ్, అంటే రూటర్‌కూ కంప్యూటర్‌కూ నడుమ కేబుల్ స్పీడ్, ఎంతుందో చూడమన్నడు. పొద్దుగాల 1000 ఎంబీపీఎస్ ఉన్నది రాత్రికి 100 చూపిస్తుంది. "1000 రావాలంటే ఎనిమిది వైర్లూ మంచిగుండాలె, 100కు నాలుగు సాలు, అంటే నీ కేబుల్ల ఏదో వైరు తెగి తెగనట్టు ఉంది" అన్నడు. తర్వాత అడిగిన మాటతోనే అసలు సంగతి బయటపడ్డది: "ఆ టైంకు ఇంట్ల రోజూ ఏం చేస్తరు?"

నేను గీజర్, మోటర్ అన్నీ యాది చేసుకుంటున్న, అంతల అమ్మ లేచి దోమలు వస్తున్నయని బాల్కనీ దిక్కు కిటికీ ఏసింది. రోజూ ఆరున్నరకు ఏస్తది. నా కేబుల్ ఆ కిటికీ సందులకెల్లే లోపలికి వస్తది! తెరిచి చూస్తే కిటికీ జరిగే పట్టాల మీద కేబుల్ రిబ్బన్ లెక్క అణిగిపోయి ఉంది, పైన తొడుగు తెల్లగ అయ్యింది. కిటికీ తీస్తే లింక్ లైట్ వెలుగుతది, గట్టిగ ఒత్తితే ఆరిపోతది. నాలుగు సార్లు చేసి చూసిన, నాలుగు సార్లూ అంతే.

ఆ కేబుల్ పీకి షాపుకు తీస్కపోయిన. బ్లేడుతోని తొడుగు చీరి చూపిచ్చిండు, ఆరెంజ్ వైరు లోపల తెగి ఉంది, పైన ప్లాస్టిక్ మాత్రం సాబుతు. వైరును గీకితే పైన రాగి రంగు, లోపల తెల్లగ అల్యూమినియం. అసొంటి వైరు వంపు పడితే జల్ది ఇరుగుతదట. క్యాట్ 6 రకం నెట్ కేబుల్, లోపల మొత్తం రాగిదే ఉన్నది, 18 మీటర్లు తీస్కున్న, మీటర్‌కు 30 రూపాయలు పడ్డది, రెండు దిక్కులా కనెక్టర్లు నా ముంగటనే కొట్టి, టెస్టర్ మీద ఒకటి నుంచి ఎనిమిది దాక లైట్లు వరుసగ వెలిగేది చూపిచ్చి ఇచ్చిండు. ఈసారి కిటికీల కాదు, ఏసీ పైపు పోయే బొక్కలకెల్లి తెచ్చుకున్న. మూడు వారాలాయె, కాల్ ఒక్కసారి గూడ కట్ కాలే.

ఇబ్బందులు గూడ చెప్పాలె. ఇంటికి రారు, సామాన్ మనమే మొయ్యాలె. మధ్యాహ్నం ఫోన్ ఎత్తరు, గిరాకీల ఉంటరు. కార్ల పోతే పార్కింగ్‌కే అరగంట, కేబుల్ తెచ్చే రోజు నేను మెట్రోల పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌ల దిగి నడిచిన, అదే నయం. బిల్లు అడిగితేనే ఇస్తరు, అడిగి తీస్కోండి.

మీరు పోతే సీపీయూ ఒక్కటే తీస్కపోకుండ్రి, ఇంట్ల వాడే కేబుల్ గూడ చుట్టుకొని పట్టుకపోండి. నేను మొదటి రోజే అది తీస్కపోయి ఉంటే టెస్టర్ మీద అక్కడనే దొరుకుతుండె.