కళ్లంలో బస్తా: నడుం వంచా, మోకాళ్లు వంచా?

నడుం వంచి ఎత్తితే 40 కిలోల ధాన్యం బస్తా వెన్ను నుంచి 50 సెం.మీ. దూరంలో ఉంటుందనుకోండి. దాన్ని ఆపే వెన్ను కండరాలు మాత్రం వెన్నుపూసకు సుమారు 5 సెం.మీ. దూరం నుంచే లాగుతాయి. దూరం పదో వంతు కాబట్టి బలం పది రెట్లు కావాలి. అంటే బస్తా కోసమే 400 కిలోల బిగువు పట్టాలి, వంగిన ఒంటి బరువు అదనం. మోకాళ్లు వంచి, బస్తాని 25 సెం.మీ.కి లాక్కుంటే 200 చాలు. లేపే పని తొడలు, పిరుదులదే.

అయితే కళ్లంలో బస్తా ఒక్కోసారి అడ్డంగా పడి ఉంటుంది. అలాగే గొంతుక్కూర్చుంటే మోకాళ్లే దాన్ని ముందుకు నెడతాయి, లాభం పోయినట్టే. ముందు నిలబెట్టి, కాళ్ల మధ్యకు తెచ్చుకోవాలి. ట్రాక్టర్ వైపు తిరగాల్సింది పాదాలు, నడుం కాదు. 75 కిలోల బస్తా అయితే ఈ చర్చే వద్దు, ఇద్దరు పట్టాలి.