నాలుగేళ్లు వాడిన ఫోన్, ఒక్క రాత్రి అప్‌డేట్, గ్యాలరీలో 214 ఫొటోలు

ఈ ఫోన్ 2021 ఆగస్టులో కొన్నాను, ఇరవై ఒక్క వేలు పడింది. నాలుగేళ్లు దాటినా ఇప్పటికీ ఇదే వాడుతున్నా. కంపెనీ పేరు మాత్రం రాయను. పేరు చూడగానే అది వాడేవాళ్లు ఒకవైపు, దాన్ని తిట్టేవాళ్లు ఒకవైపు దిగిపోతారు, చెప్పాలనుకున్నది గాలికి పోతుంది.

మామూలు విషయాలు గబగబా చెప్పేస్తా. కెమెరా పగటిపూట బాగుంటుంది, రాత్రి పెళ్లి ఊరేగింపుల్లో తీస్తే మొహాలు మైనం బొమ్మల్లా వస్తాయి. బ్యాటరీ మొదటి రెండేళ్లు పడుకునేదాకా వచ్చేది, ఇప్పుడు సాయంత్రం నాలుగింటికే ఛార్జర్ వెతుక్కుంటున్నా. రెండుసార్లు మెట్ల మీంచి పడింది, స్క్రీన్‌కి ఏమీ కాలేదు. మెమరీ కార్డు వేసుకోవచ్చు, అందుకే కొన్నాను కూడా. ఇక అప్‌డేట్ సంగతి.

ఆండ్రాయిడ్ 11తో వచ్చింది, 12కి మారినప్పుడు ఏ గొడవా లేదు. 2023 మార్చిలో ఒక శనివారం రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటే తనంతట తానే 13 ఎక్కించేసుకుంది. పొద్దున్నే మా పాప అక్షరాభ్యాసం ఫొటో ఎవరికో పంపాలని గ్యాలరీ తెరిస్తే 214 ఫొటోలు. అంతకుముందు పదకొండు వేల చిల్లర ఉండేవి. ఆ మిగిలిన 214 ఏమిటా అని చూస్తే కరెంటు బిల్లు కట్టిన స్క్రీన్‌షాట్లు, ఆధార్ జిరాక్సు, బస్సు టికెట్లు. పాప పుట్టిన రోజు నుంచి తీసినవి ఒక్కటి లేవు. నిజం చెప్తున్నా, చేతులు చల్లబడిపోయాయి.

కాస్త తేరుకున్నాక సెట్టింగ్స్‌లో స్టోరేజ్ చూశాను. 128 జీబీలో 96 నిండి ఉంది. ముందు రోజు కూడా దాదాపు అంతే. పదకొండు వేల ఫొటోలు పోతే చోటు ఖాళీ అవ్వాలి కదా, అవ్వలేదంటే ఫైళ్లు ఎక్కడో ఉన్నాయన్నమాట. మీకూ ఇలా అయితే ముందు ఈ అంకె చూడండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

గ్యాలరీ అనేది ఫోల్డర్లన్నీ తెరిచి వెతకదు. ఏ ఫొటో ఎక్కడుందో ఆండ్రాయిడ్ ఒక జాబితా రాసి పెట్టుకుంటుంది, దాన్ని మీడియాస్టోర్ అంటారు, గ్యాలరీ ఆ జాబితా చదివి మనకు చూపిస్తుంది. పెద్ద అప్‌డేట్ పడ్డప్పుడు ఆ జాబితా పాడైనా, మళ్లీ రాయడం మధ్యలో ఆగిపోయినా మనకు ఖాళీ కనపడుతుంది. రేషన్ లిస్టులో పేరు ఎగిరిపోయినట్టు: మనిషి ఇంట్లోనే ఉంటాడు, డీలర్ దగ్గర మాత్రం లేడు.

ఇది తెలియక ముందు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి చాలా మర్యాదగా "సార్, ఒకసారి రీసెట్ కొట్టేద్దాం, కొత్తదానిలా అయిపోద్ది" అన్నాడు. డేటా ఉంటుందా అంటే "డేటా పోద్ది సార్, కానీ ప్రాబ్లం సాల్వ్ అవుద్ది" అన్నాడు. ఫోన్ లాక్కుని వచ్చేశాను. ఆ రోజు సరే అని ఉంటే ఈ పాటికి నిజంగానే 214 ఫొటోలతో ఉండేవాడిని.

ఇంటికొచ్చి ఫైల్ మేనేజర్‌లో డీసీఐఎం అనే ఫోల్డర్, అందులో కెమెరా ఫోల్డర్ తెరిస్తే అన్నీ ఉన్నాయి. ఇంకేమీ ముట్టుకోకుండా ముందు ల్యాప్‌టాప్‌కి కాపీ పెట్టాను, కేబుల్ వదులుగా ఉండి మూడుసార్లు ఆగింది, నాలుగు గంటలు పట్టింది. వాట్సాప్ ఫొటోలు పాత చోట లేవు, ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లో మీడియా, దాని లోపల కామ్ డాట్ వాట్సాప్ అని ఉంటుంది, అక్కడున్నాయి. కాపీ అయ్యాక యాప్స్‌లో సిస్టమ్ యాప్స్ చూపించమని చెప్పి, మీడియా స్టోరేజ్ అనేదాని డేటా క్లియర్ చేసి, రీస్టార్ట్ కొట్టి, ఛార్జింగ్‌లో వదిలేశాను. రాత్రి ఎనిమిదింటికి చూస్తే మూడు వేలు, పొద్దునకి మొత్తం.

మొత్తం వచ్చాయి గానీ కలగాపులగంగా వచ్చాయి. నేను అతి తెలివితో వాట్సాప్ ఫొటోల్ని మెమరీ కార్డులోకి మార్చాను, దాంతో అవన్నీ ఆ మార్చి ఆదివారం తీసినట్టే కనపడుతున్నాయి, 2022 సంక్రాంతి ముగ్గూ, బావ పెళ్లీ, ఎవరిదో గుడ్ మార్నింగ్ గులాబీ అన్నీ ఒకే రోజు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తీసిన తేదీ ఉండదు, ఫైల్ కాపీ అయిన తేదీనే గ్యాలరీ పట్టుకుంటుంది. అది వాట్సాప్‌లో వచ్చిన తేదీ ఫైల్ పేరులో ఉంటుంది, ఐఎంజీ తర్వాత 20220114 అని. ఒక్కోటి చూసి సర్దడం మొదలుపెట్టి నలభై దగ్గర మానేశాను.

క్లౌడ్‌లో, అంటే నెట్‌లో, కాపీ లేదా అని అడుగుతారు. ఉండేది. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో కొత్తగా ఎక్కించేవి ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్క కదా, నాది మరుసటి ఏడాదికే నిండిపోయింది, నెలకి డబ్బులు ఎందుకులే అని బ్యాకప్ ఆపేశాను. అది నా పీనాసితనమే. అయినా అందులోకి వెళ్లేవి ఫొటోలు, వీడియోలే, ఆడియో వెళ్లదు.

నాకు నిజంగా పోయింది ఆడియోనే.

మా మామ్మది కోనసీమలో లంక ఊరు. 2021 దసరాకి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని ఒక రికార్డర్ యాప్‌తో ఆవిడ మాటలు 23 ఫైళ్లు రికార్డు చేశాను. అందులో పెద్దది నలభై ఒక్క నిమిషాలు, 1986 ఆగస్టు వరద గురించి. భద్రాచలంలో 75 అడుగులు దాటిన ఏడాది. గేదెల పలుపులు కోసేసి ఏటిగట్టు మీదకి తోలడం, గాదెలో ధాన్యం నాని మొలకలెత్తి వాసన రావడం, మధ్యలో కుక్కర్ విజిల్ వస్తే "ఉండరా, అది దింపొస్తాను" అని లేచి వెళ్లి, రెండు నిమిషాలు ఖాళీ కుర్చీ, కోడి కూత, మళ్లీ వచ్చి "ఎక్కడున్నాను?" అనడం. 2022లో మామ్మ పోయింది.

అప్‌డేట్ తర్వాత ఆ యాప్ తెరిస్తే జాబితా ఖాళీ. ఫొటోలు తిరిగొచ్చిన ధైర్యంతో, యాప్ పాడైందిలే అని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేశాను. ఆ యాప్ తన ఫైళ్లని తన సొంత ఫోల్డర్‌లో, ఆండ్రాయిడ్ కింద డేటా అనే చోట దాచుకుంటుందట. యాప్ తీసేస్తే ఆ ఫోల్డర్ కూడా దానితో పోతుంది. ఆండ్రాయిడ్ 11 నుంచి మామూలు ఫైల్ మేనేజర్‌లకి ఆ చోటు తెరుచుకోదు కూడా, కాబట్టి అవి అక్కడున్నాయని ఫోన్‌లో నా కంటపడే వీలే లేకపోయింది. అప్‌డేట్ దాచింది, తుడిచింది నేను.

రికవరీ యాప్‌కి పదిహేను వందలు తగలేశాను, అది చూపించినవన్నీ ఫొటోల చిన్న చిన్న థంబ్‌నెయిల్స్. తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక షాపతన్ని అడిగితే ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "హార్డ్ డిస్క్ అయితే చూస్తుండె అన్నా, ఫోన్ లోపలి మెమరీ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి ఉంటది, ఒకసారి డిలీట్ అయినంక రాదు, నీ పైసలు ఖరాబు చేసుకోకు" అన్నాడు. మొత్తం వ్యవహారంలో నాకు సూటిగా నిజం చెప్పింది ఆయనొక్కడే.

ఇలాంటివి ఫోన్లకే కాదు. 2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 అప్‌డేట్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లని వేరే డ్రైవ్‌కి మార్చుకున్న కొందరికి పాత చోట మిగిలిన ఫైళ్లని నిజంగానే తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ వారం తిరక్కుండానే ఆపేసి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ వదిలింది. ఫైళ్లు పోయినవాళ్లకి అప్పుడు వాళ్లు చెప్పింది, ఆ కంప్యూటర్‌ని వీలైనంత తక్కువ వాడమని. 2024 మేలో ఐఫోన్లలో ఇంకో తమాషా, ఐఓఎస్ 17.5 అనే అప్‌డేట్ వేసుకున్నాక ఎప్పుడో డిలీట్ చేసిన ఫొటోలు లేచి వచ్చాయి, డేటాబేస్ పాడవడం వల్ల అని ఆపిల్ 17.5.1లో సరిచేసింది.

ఫోన్ మీద నా తీర్పు అంటే, ఈ ధరకి ఇంకా మంచిదే, అప్‌డేట్ల విషయంలో మాత్రం అయిదుకి ఒకటి. పదకొండు వేల ఫొటోలు జాబితాలోకి ఎక్కుతున్నాయి ఆగండి అని ఒక్క లైను చూపించి ఉంటే నేను ఏదీ అన్‌ఇన్‌స్టాల్ చేసేవాడిని కాదు.

23 రికార్డింగుల్లో ఆరు దొరికాయి. డల్లస్‌లో ఉన్న మా అక్కకి అప్పట్లో వాట్సాప్ చేసినవి, తన ఫోన్‌లో అలాగే ఉన్నాయి. ఆవకాయ కొలతలు రెండు, పులస కూర ఒకటి, పిన్ని మీద చాడీలు మూడు. వరదది పంపలేదు, పెద్ద ఫైలని తర్వాత పంపుదాం అనుకున్నా.

నిన్న మళ్లీ సెక్యూరిటీ ప్యాచ్ అని నోటిఫికేషన్ వచ్చింది. బ్యాంకు యాప్‌లు ఉన్నాయి కాబట్టి వేసుకోక తప్పదు. రాత్రిపూట తనంతట తాను ఎక్కించుకునే ఆప్షన్ ఆపేసి ఉంచాను. ఆదివారం హార్డ్ డిస్క్ బయటికి తీసి, కాపీ అయిందో లేదో పది ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే ఇన్‌స్టాల్ నొక్కుతా.